శ్రీని కల: మన మాండొలిన్ శ్రీనివాస్ జ్ఞాపకం

పోయిన నెల ధర్మపురి - మొరప్పూరు పాత చిన్న రైలు గురించి రాసినప్పుడు చాలామంది ఫోన్ చేసినారు. ఈసారి రైలు కాదు, సంగీతం. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు కుదురుగా నేర్చుకున్నది రిటైరయినాకే. తప్పులుంటే పెద్దమనసుతో సరిదిద్దండి.

2024 ఫిబ్రవరిలో "శక్తి" అనే బృందానికి గ్రామీ అవార్డు వచ్చింది. టీవీలో శంకర్ మహదేవన్‌నీ జాకిర్ హుస్సేన్‌నీ చూసి అందరం సంతోషపడినాం. కానీ ఆ ఆల్బమ్‌లో మొట్టమొదటి పాట పేరు ఏమిటో మనలో ఎంతమంది గమనించినారు? "శ్రీనీస్ డ్రీమ్". అంటే శ్రీని కల. ఆ శ్రీని మన పాలకొల్లు పిల్లవాడు, మాండొలిన్ యు. శ్రీనివాస్. అప్పటికి ఆయన పోయి తొమ్మిదేళ్లు దాటింది. స్నేహితులు మాత్రం ఆయన పేరుతోనే ఆల్బమ్ మొదలుపెట్టినారు. అది చదివినాక ఆయన గురించి రాయాలని కూర్చున్నాను.

1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టినారు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను ఆరేళ్లకే చేతికి తీసుకున్నాడు పిల్లవాడు. తండ్రి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు అది విని శిష్యుడిగా తీసుకున్నారు. ఈ సుబ్బరాజుగారు పాలక్కాడు వైపు మహావిద్వాంసులు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. అందుకని గురువు పాడేవారు, శిష్యుడు విని అదే తీగమీద పలికించేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు, దారి తనే వెతుక్కోవాలి. నా లెక్కలో ఆయన వాద్యంలో గొంతు వినిపించడానికి కారణం ఇదే.

1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో మొదటి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసు మార్గళి సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కినాడు. పన్నెండేళ్ల పిల్లవాడి చేతిలో ఇటలీ వాద్యం, దానికి కరెంటు వైరు. కర్ణాటక సంగీతానికి ఇది తగునా అని పెద్దలు కొందరు అడిగినారు.

వాళ్ల ప్రశ్న ఊరకే వేసింది కాదు. మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. మీటిన నాదం వెంటనే చచ్చిపోతుంది, అందుకే గబగబా మీటుతూ ఉండాలి. మన రాగానికి ప్రాణం గమకం. గమకం కావాలంటే తీగను పక్కకు లాగాలి, జారాలి, నాదం నిలవాలి. జత తీగలను ఒకటిగా లాగడం అయ్యే పని కాదు. శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, తర్వాత అయిదో తీగ చేర్చి కింది స్థాయి తెచ్చుకున్నారు, నాదం నిలవడానికి ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు. అంతే, తోడి రాగం ఆ బుల్లి వాద్యంలో పలికింది.

మొదట్లో ప్రశ్నించిన తమిళనాడే తర్వాత నెత్తిన పెట్టుకుంది. టీనేజిలోనే ఆయనకు ఆస్థాన విద్వాన్ గౌరవం ఇచ్చింది. 1998లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు జాజ్ సంగతి. 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించినాడు. జాజ్ అంటే అమెరికాలో నల్లజాతి వాళ్లు పుట్టించిన సంగీతం. ఒక పాట ఎత్తుకుని, దానిమీద అప్పటికప్పుడు కల్పన చేసుకుంటూ పోతారు. మన కల్పనస్వరం, మనోధర్మం తెలిసినవాళ్లకు అది కొత్తగా తోచదు.

ఆ లోకంలో పెద్ద గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్. ఇంగ్లండులో 1942లో పుట్టినారు, మైల్స్ డేవిస్‌తో వాయించినారు. తర్వాత అమెరికాలో ఎస్. రామనాథన్‌గారి దగ్గర వీణ నేర్చుకున్నారు. 1970లలో జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరామ్‌లతో "శక్తి" మొదలుపెట్టినారు. దానికోసం ఒక గిటార్ ప్రత్యేకంగా చేయించుకున్నారు. వీణమీద తీగను లాగినట్టు లాగడానికి వీలుగా మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించినారు. శ్రుతి కోసం అడ్డంగా వేరే తీగలు కట్టించినారు.

ఒకసారి ఆలోచించండి. ఇంగ్లండులో పుట్టిన ఒకాయన గమకం కోసం గిటార్ చెక్కను తొలిపిస్తున్నాడు. పాలకొల్లులో ఒక పిల్లవాడు అదే గమకం కోసం మాండొలిన్ తీగలు తగ్గిస్తున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ 1990ల చివర "రిమెంబర్ శక్తి"లో ఒకే వేదికమీద కూర్చున్నారు. జాకిర్ తబలా, వినాయకరామ్ కొడుకు సెల్వగణేశ్ కంజీర, ఆ తర్వాత శంకర్ మహదేవన్ గాత్రం.

మా రైల్వే భాషలో చెప్తాను. ఆ కాలంలో సేలంలో మన బెంగుళూరు లైను మీటర్ గేజ్, మద్రాసు లైను బ్రాడ్ గేజ్. సరుకు ఒక బండినుంచి దించి ఇంకో బండికి ఎక్కించాలి. గుమాస్తాగా ఆ లెక్కలు రాసి రాసి నా వేళ్లు అరిగినాయి. దించేటప్పుడు ఎంతో కొంత సరుకు పాడవుతుంది. వీళ్లిద్దరి మధ్య ఆ దించడం ఎక్కించడం లేదు. గిటార్ అడిగిన దానికి మాండొలిన్ జవాబు చెప్తుంది, రెండూ ఒకే గేజ్‌మీద పోతాయి.

కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో 1995లో "డ్రీమ్" అనే ఆల్బమ్ చేసినారు. తమ్ముడు యు. రాజేశ్‌కు తనే నేర్పినారు. ఆ రాజేశ్ 2008లో వచ్చిన మెక్‌లాఫ్లిన్ "ఫ్లోటింగ్ పాయింట్"లో వాయించినారు. మెక్‌లాఫ్లినేమో సెల్వగణేశ్‌తో కలిసి కొన్నక్కోలు నేర్పే డీవీడీ చేసినారు. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూసినారు. కాలేయ మార్పిడి జరిగినాక వచ్చిన ఇబ్బందులతో. వయసు 45. కొన్నేళ్ల తర్వాత "శక్తి" మళ్లీ లేచినప్పుడు ఇంకో మాండొలిన్‌ను ఆ చోట కూర్చోబెట్టలేదు. వయొలిన్ గణేశ్ రాజగోపాలన్ వచ్చినారు. 2023లో "దిస్ మొమెంట్" వచ్చింది. అందులోదే ఆ మొదటి పాట. ఆ బృందంలో తబలా వాయించిన జాకిర్ కూడా 2024 డిసెంబరు 15న వెళ్లిపోయినారు.

ఇక నా సొంత విషయం. ఇది రాయడానికే ఇంత చుట్టు తిరిగినాను.

1980లలో నేను రైల్వే పాసు పెట్టుకుని మొరప్పూరులో బండెక్కి మద్రాసు పోయి ఆయన కచేరీ విన్నాను. వెనక వరసలో నిలబడి. త్యాగరాజస్వామి కీర్తన, చుట్టూ అందరూ తమిళం మాట్లాడేవాళ్లు, వాయించేది గోదావరి పిల్లవాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అని రెండు ముక్కలుగా పెరిగిన నాకు ఆ రోజు రెండూ ఒకటే అనిపించినాయి. అప్పటినుంచి ఆయన క్యాసెట్లు పోగు చేసినాను.

అదే నేను, 1990లలో నా కొడుకు గిటార్ కావాలని అడిగితే, "అది మనది కాదురా, సినిమా పిచ్చి" అని కసిరినాను. వాడు ఇంకోసారి అడగలేదు. చదువుకున్నాడు, బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు.

శ్రీనివాస్ పోయిన రోజు వాడే ఫోన్ చేసినాడు. "నాయనా, మీ మాండొలిన్ ఆయన పోయినాడంట" అన్నాడు. నేను బాధపడుతూ ఏదో చెప్తుంటే కొంచెంసేపు విని, "అది కూడా మనది కాదు కదా నాయనా, ఇటలీది" అన్నాడు. కోపంగా అనలేదు, మెల్లగానే అన్నాడు. నాకు జవాబు రాలేదు. ఈ రోజుకూ లేదు.

వయొలిన్ మాత్రం మనదా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు తెల్లవాళ్ల దగ్గర నేర్చుకుంటేనే కదా మన కచేరీలోకి వచ్చింది. ఈ రోజు వయొలిన్ లేని కచేరీ ఉందా? చేతిలో ఏముంది అని కాదు, అందులోంచి ఏం పలికిస్తున్నాం అని చూడాలి. శ్రీనివాస్ కచేరీలు అన్ని విని కూడా ఈ ముక్క నా బుర్రకెక్కలేదు.

కాబట్టి సంఘం పెద్దలకు ఒక మనవి. పోయిన ఉగాదికి ఒక అమ్మాయి గిటార్ వాయిస్తానని పేరు ఇస్తే, పాటా వీణా మాత్రమే అని తిప్పి పంపినాం. ఆ రోజు కమిటీలో తల ఊపినవాళ్లలో నేనూ ఉన్నాను. వచ్చే ఉగాదికి ఆ అమ్మాయిని మనమే వాళ్లింటికి పోయి పిలవాలి. నేను వస్తాను, ఇంకెవరు వస్తారో కింద రాయండి. ఆ రోజు కార్యక్రమానికి రమ్మని నా కొడుకునూ అడుగుతాను.