మాత్ర నూరే ముందు



మందు అనగానే మనకు కల్వం గుర్తొస్తుంది. అమ్మమ్మ శొంఠి, పిప్పళ్ళు నూరి, తేనెలో రంగరించి నాకించేది. మెత్తగా నూరితేనే గుణమనేది. ఆ మందులకు అది తగిన పద్ధతే. అయితే అన్ని మాత్రలకూ అది పనికిరాదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి, వైద్య కళాశాల 1923లో మొదలయ్యాయి. ఆ రోజుల్లో నోటి మందంటే చాలావరకు సీసాలో మిక్చరు, పొట్లంలో పొడి. నర్సు మోతాదు, వేళ చూసుకుంటే సరిపోయేది.

మాత్రల కథ అంతకుముందే మొదలైంది. 1843లో ఇంగ్లండులో విలియం బ్రాకెడన్ పొడిని అచ్చులో నొక్కి మాత్ర చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1884లో జర్మన్ వైద్యుడు పాల్ ఉన్నా, కడుపులో కరగకుండా పేగుల్లోనే కరిగేలా మాత్రకు పూత పూశాడు. 1952లో అమెరికాలో ఒక్క గొట్టం మాత్రలో వందలకొద్దీ చిన్న గుళికలు నింపి, కొన్ని వెంటనే, కొన్ని ఆలస్యంగా కరిగేటట్టు చేశారు. అంటే, పూత కూడా వైద్యంలో భాగమైందన్నమాట!

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. పక్షవాతం వచ్చిన మా అత్తగారికి ముక్కుగొట్టం ద్వారానే ఆహారం. రక్తపోటు మాత్రను నేనే నూరి, నీళ్ళలో కలిపి పోశాను. కాసేపటికి ఒళ్ళంతా చెమటలు, మగత. రోజంతా కొద్దికొద్దిగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగింది. నర్సింగ్ చదువుతున్న పక్కింటి అమ్మాయి అట్ట చూసి, "పిన్నిగారూ, ఈ.ఆర్. అని ఉంది. నూరకూడదండీ! క్లాసులో చెప్పేదాకా నాకూ తెలీదు" అంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తేరుకున్నారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన పరిశోధనల వరసలోదే మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి, కాన్సరుకు వాడతారు. దాన్ని నూరితే లేచే పొడి నూరే మనిషికే హాని. గర్భిణులు మరీ జాగ్రత్తపడాలి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకోమన్న మాత్రనైతే మింగకూడదు.

అట్టమీద ఎస్.ఆర్., ఈ.ఆర్., ఎక్స్.ఎల్. అని ఉంటే నూరకండి. ఏమీ లేకపోయినా అడగండి. మింగలేకపోతే మందు మానకండి. ద్రవరూపంలో ఉందేమో డాక్టరునడగండి. నర్సింగ్ చదివే మన అమ్మాయిలు మోతాదు, వేళలతోపాటు, "దీన్ని నూరవచ్చా?" అన్న ప్రశ్న కూడా నేర్చుకోవాలి. కల్వం ముందు కూర్చున్న మనమూ అంతే.