పింగ్ నదీతీరపు విడుదులు: టేకు వ్యాపారం నుండి కుటుంబ పర్యాటకం వరకు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

ఉత్తర థాయిలాండులో పింగ్ నదీతీరం నేడు కుటుంబాలతో వచ్చే యాత్రికులకు ప్రసిద్ధమైన విడిది ప్రాంతం. ప్రశాంతమైన నది, టేకు కట్టడాలు, ఏనుగుల సందర్శన ఈ విడుదుల ముఖ్య ఆకర్షణలు. ఈ మూడూ ఒకప్పటి శ్రమ వ్యవస్థకు మిగిలిన ఆనవాళ్ళే. రవాణా మార్గంగా నది, వ్యాపార సరుకుగా టేకు, కూలి జంతువుగా ఏనుగు తమ పాత పనులను ఎలా కోల్పోయాయో, ఆ ఖాళీలోకి పర్యాటకం ఎలా ప్రవేశించిందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పింగ్ నది, లాన్నా, చియాంగ్ మాయ్, టేకు, ఏనుగులు, విడిది, పర్యాటకం, వరద.

1. ఉపోద్ఘాతం

బాటసారికి నీడ, నీరు కల్పించడం తెలుగునాట సత్రాల రూపంలో, థాయి సమాజంలో ‘సాలా’ రూపంలో స్థిరపడిన ఆచారం. ‘సాలా’ సంస్కృత ‘శాలా’ శబ్దభవమే. ధర్మశాల, పాఠశాల వంటి మాటలు వాడే తెలుగువారికి దీని అర్థం వేరే చెప్పనవసరం లేదు. బౌద్ధ ఆరామాల పక్కన, దారుల వెంట, రేవుల దగ్గర నాలుగు స్తంభాలపై కప్పు వేసి కట్టిన ఈ సాలాలలో ప్రయాణికులు రాత్రి తలదాచుకొనేవారు. కట్టించినవారికి పుణ్యం, బస చేసినవారికి విశ్రాంతి. డబ్బు ప్రసక్తి లేని ఈ ఆతిథ్యానికీ, గదికి రోజువారీ ధర నిర్ణయించే నేటి రిసార్టుకూ మధ్య నడిచిన చరిత్రే ఈ పరిశీలనకు విషయం.

2. నదికి ఎడంగా వెలసిన నగరం

చియాంగ్ దావ్ కొండల ప్రాంతంలో పుట్టిన పింగ్ నది సుమారు 658 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. దారిలో వాంగ్ నదిని కలుపుకొని, నకోన్ సవాన్ వద్ద నాన్ నదితో సంగమించి చావో ఫ్రయాగా మారుతుంది. థాయి భాషలో నదిని ‘మేనామ్’ అంటారు. ‘మే’ అంటే తల్లి, ‘నామ్’ అంటే నీరు.

లాన్నా రాజ్యస్థాపకుడు మంగ్రాయ్ 1296లో చియాంగ్ మాయ్‌ని నిర్మించాడు. అంతకుముందు అతని రాజధాని పింగ్ ఒడ్డునే ఉన్న వియాంగ్ కుమ్ కామ్. తరచూ వచ్చే వరదలు ఆ పట్టణాన్ని నిలవనీయలేదు. తరువాతి శతాబ్దాలలో నది తన గతి మార్చుకోగా ఆ పట్టణం ఒండ్రు కింద కప్పబడిపోయింది. 1984లో మొదలైన తవ్వకాలతోనే దాని శిథిలాలు మళ్ళీ వెలుగు చూశాయి. కొత్త రాజధాని కోటను మంగ్రాయ్ సుతేప్ కొండకూ నదికీ నడుమ, ఒడ్డుకు కొంత ఎడంగా కట్టించాడు. ఈ ఎడం గమనించదగినది. రాజు వదిలిపెట్టిన ఒడ్డు క్రమంగా వర్తకులదీ, పడవవారిదీ, పరదేశీయులదీ అయింది.

1558 నుండి రెండు శతాబ్దాలకు పైగా బర్మా ఆధిపత్యంలో ఉన్న ఈ నగరం 1775లో సయామ్ పక్షానికి మారింది. యుద్ధాలతో నిర్జనమైన నగరానికి కావిల 1796లో మళ్ళీ ప్రాణం పోశాడు. ఆ తరువాత తూర్పు ఒడ్డున వాట్ కేట్ పరిసరాలు వర్తకకేంద్రంగా ఎదిగాయి. తేలు తోకలా వెనుక భాగం పైకి లేచిన పడవలు బాంకాక్ నుండి సరుకులు తెచ్చేవి. ఎదురు ప్రవాహంలో ఆ ప్రయాణానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది. బౌద్ధ ఆరామం, చర్చి, మసీదు, గురుద్వారా నడిచివెళ్ళగలిగే దూరంలో ఉండడం ఆ రేవు జీవితపు ఫలితమే. 1867లో వచ్చిన ప్రెస్బిటేరియన్ మతప్రచారకుడు డేనియల్ మెక్‌గిల్వరీ స్థావరం కూడా నది తూర్పు ఒడ్డునే ఏర్పడింది.

3. టేకు కాలం

1855 నాటి బౌరింగ్ ఒడంబడిక సయామ్ వాణిజ్యాన్ని బ్రిటిషువారికి తెరిచింది. దక్షిణ బర్మాలో స్థిరపడిన టేకు వ్యాపారులు సాల్వీన్ నది దాటి లాన్నా అడవులలోకి వచ్చారు. అడవులపై స్థానిక ప్రభువులకున్న హక్కుల విషయంలో తగాదాలు పెరిగాయి. 1874, 1883 సంవత్సరాలలో కుదిరిన చియాంగ్ మాయ్ ఒడంబడికలు, 1884లో ఏర్పడిన బ్రిటిష్ కాన్సులేట్ ఆ తగాదాల పర్యవసానాలే. బోర్నియో కంపెనీ, బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ ఇక్కడ వేళ్ళూనుకున్నాయి. సయామ్ రాజాస్థానంలో ఉపాధ్యాయినిగా పనిచేసిన అన్నా లియోనోవెన్స్ కుమారుడు లూయీ ఈ వ్యాపారంలో పేరుపొందాడు. పడమటి అడవుల టేకు సాల్వీన్ మీదుగా మౌల్మెయిన్‌కు చేరేది. కోస్తాంధ్ర నుండి వలస వెళ్ళి ‘కోరంగులు’ అనిపించుకున్న తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో శ్రమించిన బర్మా రేవుల లోకంతో లాన్నా అడవికి ఈ విధంగా సంబంధం ఏర్పడింది.

పచ్చి టేకు నీటిలో తేలదు. అందుకని చెట్టు మొదట్లో చుట్టూ బెరడు చెక్కి, నిలువునా ఎండనిచ్చి, సుమారు రెండేళ్ళ తరువాత నరికేవారు. దుంగలను ఏనుగులు వాగు దాకా ఈడ్చేవి. వాన పడి వాగు పొంగితేనే దుంగ కదిలేది. వాన తక్కువైన ఏడు అది ఇసుకలోనే ఉండిపోయేది. పెద్ద నదికి చేరాక తెప్పలుగా కట్టి బాంకాక్‌కు తరలించేవారు. అడవి నుండి రేవుకు చేరడానికి ఒక్కొక్క దుంగకు ఏళ్ళు పట్టేది.

ఆ వ్యాపారం మిగిల్చిన ఇళ్ళు నేటికీ ఉన్నాయి. వాట్ కేట్ వద్ద బోర్నియో కంపెనీకి చెందిన టేకు గృహం 2012 నుండి హోటలులో భాగం. పడమటి ఒడ్డున ఉన్న పాత బ్రిటిష్ కాన్సులేట్ భవనం నేడు ఒక నదీతీర హోటలుకు భోజనశాల. టేకు లాభాలతో కట్టిన ఇంటి వరండాలో కూర్చోవడానికి నేటి అతిథి రుసుము చెల్లిస్తున్నాడు.

4. నది పని కోల్పోవడం

1896లో సయామ్ ప్రభుత్వం అటవీశాఖను స్థాపించింది. బర్మాలో అనుభవం గడించిన హెర్బర్ట్ స్లేడ్ దాని మొదటి అధిపతి. అడవిపై అధికారం స్థానిక ప్రభువుల చేతినుండి బాంకాక్‌కు మారింది. 1,352 మీటర్ల ఖున్ తాన్ సొరంగం 1918లో పూర్తయ్యాక, 1920ల ఆరంభానికి రైలు చియాంగ్ మాయ్ చేరింది. స్టేషను నదికి తూర్పున వెలసింది. నెలల ప్రయాణం రోజుకు కుదించుకుపోయింది. సరుకు పడవల అవసరం తగ్గింది. 1964లో తాక్ రాష్ట్రంలో పూర్తయిన 154 మీటర్ల ఎత్తైన భూమిబోల్ ఆనకట్ట ప్రాచీన జలమార్గాన్ని పూర్తిగా మూసివేసింది.

ఆ కాలంలోనే పర్యాటకం రాజ్యవిధానంలో భాగమైంది. 1960లో ప్రభుత్వ పర్యాటక సంస్థ ఏర్పడింది. 1979లో అది పర్యాటక ప్రాధికార సంస్థగా రూపుదాల్చింది. 1987ను ‘థాయిలాండ్ సందర్శన సంవత్సరం’గా జరిపారు. రవాణా భారం దిగిపోయిన నది ‘ప్రశాంత దృశ్యం’గా అమ్ముడుపోయే స్థితి అప్పటికే సిద్ధమైంది.

5. ఏనుగుల నిరుద్యోగం

1988 నవంబరులో దక్షిణ థాయిలాండులో వచ్చిన వరదలలో కొండల నుండి కొట్టుకువచ్చిన దుంగలు, బురద గ్రామాలను ముంచెత్తి వందలమందిని బలిగొన్నాయి. ప్రజాగ్రహం ఫలితంగా 1989 జనవరిలో ప్రభుత్వం సహజారణ్యాలలో కలప నరకడాన్ని నిషేధించింది. అడవికి మేలు చేసిన ఈ నిర్ణయం కలప పనిపై బతికే ఏనుగులను, మావటీలను ఒక్కసారిగా వీధిన పడేసింది. ఈ మాట అక్షరాలా నిజం. మేత ఖర్చుకోసం నగర వీధులలో ఏనుగులతో యాచించిన మావటీలు ఎందరో. మిగిలినవారికి దారి చూపినది పర్యాటకమే. మే తేంగ్ వంటి ఉపనదుల లోయలలో ఏనుగుల శిబిరాలు, వెదురు తెప్పల విహారం విస్తరించాయి. సవారీ మొదట ప్రధానాకర్షణ. దానిపై విమర్శ పెరిగాక, సవారీ లేకుండా సంరక్షణకే ప్రాధాన్యమిచ్చే ఆశ్రయాలు వచ్చాయి. పిల్లలు చూసి సంబరపడే తెప్ప, ఏనుగు రెండూ టేకు కాలపు పనిముట్లే.

6. కుటుంబ విడిది స్వరూపం

నదీతీర విడుదులలో పెద్ద సంస్థలవి కొన్ని, స్థానిక కుటుంబాలు తమ స్థలంలోనే నడిపేవి మరికొన్ని. 2004 నాటి హోటళ్ళ చట్టం కింద వెలువడిన నిబంధనలు నాలుగు గదులకు, ఇరవైమంది అతిథులకు మించని అనుబంధ ఆదాయపు విడుదులను హోటలు నిర్వచనం నుండి మినహాయించాయి. 2023లో ఈ పరిమితి ఎనిమిది గదులకు, ముప్పైమందికి పెరిగింది. వాస్తురూపంలోనూ పాత జీవితం కనిపిస్తుంది. పల్లెల ధాన్యపు కొట్లను విప్పి తెచ్చి అతిథి గదులుగా మార్చడం, ఇంటి కొప్పుపై కొమ్ముల్లా అడ్డంగా కలిసే ‘కాలే’ చెక్కలను నిలపడం ఇందుకు ఉదాహరణలు. ధాన్యం నిలవచేసిన చోట అతిథి నిద్రిస్తున్నాడు.

యీ పెంగ్, లోయ్ క్రాథోంగ్ పండుగలకు ఈ ఒడ్డు జనంతో నిండిపోతుంది. తెలుగువారు కార్తీక పౌర్ణమినాడు నదిలో దీపాలు వదిలే సమయంలోనే అక్కడా దీపాలు నీటిపై సాగుతాయి. రెండుచోట్లా నది తల్లే.

7. వరద తెచ్చిన హెచ్చరిక

నవరత్ వంతెన వద్ద పింగ్ నీటిమట్టం 3.70 మీటర్లు దాటితే నగరంలోకి నీరు రావడం మొదలవుతుంది. 2024 అక్టోబరు ఆరంభంలో అది 5.30 మీటర్లకు చేరింది. ఒడ్డునున్న ఇళ్ళు, బజార్లు, విడుదులు నీట మునిగాయి. మే తేంగ్ లోయలోని ఒక ఆశ్రయం నుండి వందకు పైగా ఏనుగులను తరలించవలసి వచ్చింది. రెండు ఏనుగులు కొట్టుకుపోయి మరణించాయి. కలప పని పోయాక వాటికి దొరికిన ఆశ్రయం కూడా నది దారిలోనే ఉంది.

వియాంగ్ కుమ్ కామ్‌ను విడిచిన మంగ్రాయ్ ఒడ్డుకు ఎడంగా జరిగాడు. నేటి వ్యాపారం ఒడ్డుకు వీలైనంత దగ్గరగా జరుగుతోంది. నీటికి చేరువైన గదికే గిరాకీ ఎక్కువ. ముంపు భయమూ ఆ గదికే ఎక్కువ. పెద్ద సంస్థ నష్టపోయినా మళ్ళీ కట్టుకోగలదు. నాలుగు గదులతో బతికే కుటుంబానికి ఆదాయమూ ఇల్లూ ఒకేసారి మునుగుతాయి.

8. ముగింపు

రైలు, ఆనకట్ట నదికి పని తప్పించాయి. నిషేధం టేకునూ ఏనుగునూ పాత వృత్తి నుండి తప్పించింది. ఈ మూడింటినీ పర్యాటకం అతిథికోసం ఒకచోట చేర్చింది. పుణ్యంకోసం కట్టిన సాలా స్థానంలో జీవనోపాధికోసం నడిచే విడిది వచ్చింది. ఈ మార్పును క్షీణతగానో ప్రగతిగానో తేల్చడం కంటే, దాని భారం ఎవరిపై పడుతున్నదో గుర్తించడం చరిత్రకారుని పని. మావటీ, పడవవాడు, చిన్న విడిది యజమాని ఈ చరిత్రలో పదేపదే వృత్తి మార్చుకోవలసి వచ్చినవారు. పింగ్ తీరపు పర్యాటక అధ్యయనాలు అతిథుల సంఖ్యతోపాటు వీరి జీవితాలనూ, వరద జ్ఞాపకాలనూ నమోదు చేసినప్పుడే ఆ నది చరిత్ర సమగ్రమవుతుంది.