యూనిట్ – 12: గేరు మార్చే చెయ్యి – విశాఖపట్నం రోడ్లపై మాన్యువల్, ఆటోమేటిక్ కార్ల చరిత్ర

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• మాన్యువల్, ఆటోమేటిక్ గేరు పద్ధతుల మధ్య తేడాను, వాటి పుట్టుకను వివరించగలుగుతారు.
• ఆటోమేటిక్ కారు మన దేశంలో ఆలస్యంగా వ్యాపించడానికి గల సామాజిక, ఆర్థిక కారణాలను చర్చించగలుగుతారు.
• ఒక సాంకేతిక మార్పు వల్ల ఎవరి నైపుణ్యం విలువ తగ్గింది, ఎవరికి కొత్త అవకాశం వచ్చింది అనే విషయాన్ని విశ్లేషించగలుగుతారు.

12.1 పరిచయం

ఈనాడు కారు కొనబోయే కుటుంబం షోరూములో ఎదుర్కొనే తొలి ప్రశ్నల్లో ఒకటి: గేరు కారా, ఆటోమేటికా? చాలామంది దీనికి ధర, మైలేజి, సౌకర్యం అనే మూడు మాటలతో జవాబు చెబుతారు. చరిత్ర విద్యార్థిగా మీరు మరో ప్రశ్న వేయాలి. ఆటోమేటిక్ గేరు కారు అమెరికాలో 1939లోనే అమ్మకానికి వచ్చింది. మన దేశంలో మధ్యతరగతి కుటుంబానికి అందుబాటు ధరలో ఆటోమేటిక్ కారు వచ్చిందని చెప్పుకోదగ్గ సంవత్సరం 2014. మధ్యలో 75 ఏళ్లు గడిచాయి. ఈ ఆలస్యానికి కారణం ఏమిటి?

యంత్రం గురించి మనవారికి తెలియకపోవడం కారణం కాదు. కారు ఎవరిది, దాన్ని నడిపే చెయ్యి ఎవరిది అన్న ప్రశ్నలోనే జవాబు ఉంది. దీన్ని అర్థం చేసుకోవడానికి విశాఖపట్నం తగిన ఊరు. 1933లో ఓడరేవు, 1941లో శంకుస్థాపన జరిగిన నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ ఊరిని మోటారు బండ్ల ఊరుగా మార్చాయి. పైగా ఒక పక్క సముద్రం, మరో పక్క కొండలు. చదును రోడ్డు, ఎత్తు రోడ్డు రెండూ ఇక్కడి డ్రైవరుకు రోజూ ఎదురయ్యేవే.

12.2 గేరు అవసరం ఏమిటి?

పెట్రోలు ఇంజనుకు ఒక పరిమితి ఉంది. అది కొంత వేగంతో తిరుగుతున్నప్పుడే తగినంత బలం ఇస్తుంది. మరీ నెమ్మదిగా తిప్పితే ఆగిపోతుంది. నిలిచి ఉన్న బండిని కదిలించడానికి బలం ఎక్కువ కావాలి, వేగం తక్కువైనా చాలు. పరుగెత్తే బండికి వేగం కావాలి, బలం తక్కువైనా సరిపోతుంది. ఈ రెండింటి మధ్య పొత్తు కుదిర్చేది గేరుపెట్టె. గేరు మార్చేటప్పుడు ఇంజనును చక్రాల నుంచి కాసేపు విడదీసేది క్లచ్చి.

ఫ్రాన్స్‌లో పన్హార్డ్–లెవస్సోర్ సంస్థ 1891లో ఇంజనును ముందు, దాని వెనుక క్లచ్చిని, గేరుపెట్టెను అమర్చిన నమూనాను తయారు చేసింది. తరువాతి కార్లు చాలావరకు ఆ దారినే నడిచాయి. ఆ గేర్లు మార్చడం సులువు కాదు. రెండు పళ్ల చక్రాల వేగం సరిగ్గా కలవకపోతే గరగర శబ్దం వచ్చేది. 1928లో కాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ ఏర్పాటు ఆ వేగాలను తానే కలిపి డ్రైవరు పని కొంత తేలిక చేసింది. యంత్రం డ్రైవరు పనిని తనలోకి తీసుకోవడం ఇక్కడే మొదలైందని గమనించండి.

12.3 నౌకా నిర్మాణ కేంద్రం నుంచి కారులోకి

ఆటోమేటిక్ గేరు మూలాల్లో ఒకటి ఓడలకు సంబంధించినది. ఓడలో ఆవిరి టర్బైను చాలా వేగంగా తిరుగుతుంది, నీటిలోని పంకా మాత్రం నెమ్మదిగా తిరగాలి. ఈ చిక్కును తీర్చడానికి జర్మనీలోని స్టెటిన్ నగరంలో, వుల్కన్ నౌకా నిర్మాణ కేంద్రంలో పనిచేస్తున్న ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ ఒక ఉపాయం కనిపెట్టి 1905లో పేటెంటు పొందాడు. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఫోటింగర్ గాలికి బదులు ద్రవాన్ని వాడాడు. రెండు భాగాలు ఒకదానికొకటి తగలకుండానే శక్తి బదిలీ అవుతుంది. కారులోకి వచ్చేసరికి ఈ సూత్రమే క్లచ్చి చేసే పనిని చేసింది. బండి ఆగినా ఇంజను ఆగదు, ఎడమ కాలికి పని ఉండదు.

1939 చివర అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ సంస్థ తన 1940 నమూనా కార్లకు హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరును అమర్చింది. 1948 నమూనా బ్యూయిక్ కార్లలో టార్క్ కన్వర్టర్ వచ్చింది. అమెరికాలో కారు యజమానే దాన్ని నడుపుతాడు. పెట్రోలు చవక. కాబట్టి నడిపే శ్రమ తగ్గించే యంత్రానికి డబ్బు పెట్టేవారు అక్కడ దొరికారు.

12.4 యజమాని వెనుక సీటు, డ్రైవరు ముందు సీటు

మన దేశంలో పరిస్థితి వేరు. స్వాతంత్ర్యం తరువాత నాలుగు దశాబ్దాలపాటు కొనదగ్గ కార్లు కొన్నే. వాటిలో 1950ల చివరి నుంచి రోడ్లను ఏలినది అంబాసిడర్. దాని గేరు కడ్డీ చాలాకాలం స్టీరింగు పక్కన, డ్రైవరు ఎడమ చేతికి అందేలా ఉండేది. పోర్టు అధికారుల కార్లు, ప్రభుత్వ కార్లు, రైల్వే స్టేషను ముందు నిలిచే టాక్సీలు చాలావరకు అంబాసిడర్లే. అధికారి వెనుక సీటులో, డ్రైవరు ముందు సీటులో కూర్చునేవారు. రోజుకు వందలసార్లు క్లచ్చి తొక్కే కాలు యజమానిది కాదు, జీతానికి పనిచేసే మనిషిది. తనకు లేని శ్రమను తగ్గించుకోవడానికి యజమాని అదనపు డబ్బు ఎందుకు పెడతాడు?

రెండో కారణం ఇంధనం. ఆనాటి ఆటోమేటిక్ గేరులో కొంత శక్తి ద్రవంలోనే వేడిగా మారి వృథా అయ్యేది. 1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ధర భారమైంది. విశాఖపట్నంలో చమురు శుద్ధి కర్మాగారం ఉన్నా, ముడి చమురు ధర ప్రపంచ మార్కెట్టే నిర్ణయిస్తుంది. 'లీటరుకు ఎంత ఇస్తుంది' అన్న ప్రశ్న కారు కొనేవారి నోట స్థిరపడింది. మూడో కారణం మరమ్మతు. అంబాసిడర్ గేరుపెట్టెను ఊరి మెకానిక్ షెడ్డులో విప్పి బిగించగలరు. ఆటోమేటిక్ గేరుపెట్టెకు ప్రత్యేక శిక్షణ, పరికరాలు కావాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: మీ జవాబును ఐదు వాక్యాలలో రాయండి.
1950–1980 మధ్య భారతదేశంలో ఆటోమేటిక్ కార్లకు గిరాకీ లేకపోవడానికి మూడు కారణాలు ఏవి?

12.5 ఘాట్ రోడ్డు విద్య

మాన్యువల్ గేరు నడపడాన్ని కేవలం శ్రమగా చూస్తే సగమే చూసినట్లు. అది ఒక విద్య కూడా. లారీ మీద క్లీనరుగా చేరిన కుర్రవాడు గురువు పక్కన కూర్చుని, ఇంజను శబ్దం విని ఎప్పుడు గేరు దించాలో నేర్చుకునేవాడు. పుస్తకం లేదు, బడి లేదు. కాలు, చెయ్యి, చెవి కలిసి పనిచేయాలి. ఆ విద్యే అతనికి ఆస్తి, లైసెన్సు దానికి రుజువు.

శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్ రోడ్డు ఈ విద్యకు పరీక్ష. ఎత్తులో బండి ఆగితే, చేతి బ్రేకు వదులుతూ, క్లచ్చిని సగం వదిలి, యాక్సిలరేటరు నొక్కుతూ వెనక్కి జారకుండా కదిలించాలి. దిగేటప్పుడు చిన్న గేరులో ఉంచి ఇంజను పట్టుతోనే వేగం అదుపు చేయాలి. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవారు ఆ పట్టును పోగొట్టుకుంటారు. భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి, చివరికి పట్టు తప్పుతాయి. చట్టం కూడా కొండ రోడ్డు కష్టాన్ని గుర్తించింది. ఇరుకైన కొండ రోడ్డుపై దిగే బండి పక్కకు ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలని 1989 నాటి రహదారి నిబంధనలు చెప్పాయి. ఎత్తులో ఆగిన బండిని తిరిగి కదిలించడం ఎంత కష్టమో ఆలోచిస్తే ఆ నియమం విలువ మీకు తెలుస్తుంది.

12.6 ముందు మారినది స్కూటరు

మన దేశంలో గేరు లేని ప్రయాణం కారుతో మొదలుకాలేదు. ఎడమ చేతి పిడిని తిప్పి గేరు మార్చే బజాజ్ చేతక్ స్కూటరు రోజుల్లోనే, 1970లలో గేర్లు లేని లూనా మోపెడ్ వచ్చింది. 1980లలో కైనెటిక్ హోండా, 2001లో హోండా యాక్టివా గేరు లేని స్కూటరును మధ్యతరగతి ఇళ్లకు చేర్చాయి. ఇక్కడ కొన్నవారే నడిపేవారు. కాలేజీకి, ఉద్యోగానికి వెళ్లే స్త్రీలు, వయసు మళ్లినవారు దీన్ని స్వీకరించారు. 1988 మోటారు వాహనాల చట్టం కూడా గేరు ఉన్న మోటారు సైకిలుకు, గేరు లేనిదానికి వేర్వేరు లైసెన్సు తరగతులను గుర్తించింది. కార్లకు మాత్రం అటువంటి విభజన చేయలేదు. బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారుపై పరీక్ష నెగ్గినవారు మాన్యువల్ కారు నడపడానికి అర్హులు కారు. ఈ తేడాను గుర్తుంచుకోండి.

12.7 2014: మలుపు

1983లో మారుతి 800 రాకతో కారు యజమాని ముందు సీటుకు రావడం వేగం పుంజుకుంది. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత ఈ మార్పు మరింత విస్తరించింది. విశాఖపట్నంలో పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం నెలజీతంపై బతికే కుటుంబాలను పెంచాయి. ఉక్కునగరం నుంచి గాజువాక, ఎన్‌.ఏ.డి. కొత్త రోడ్డు మీదుగా ఊళ్లోకి కంటైనరు లారీల మధ్య కారు నడిపే ఉద్యోగికి క్లచ్చి నొప్పి తన నొప్పే అయింది.

అంతకుముందే కొన్ని ఆటోమేటిక్ కార్లు అమ్మకానికి ఉన్నా, అవి ఖరీదైనవని, పెట్రోలు ఎక్కువ తాగుతాయని పేరుపడ్డాయి. 2014 ఫిబ్రవరిలో మారుతి సుజుకి సెలేరియో కారుతో మరో మార్గం వచ్చింది. మామూలు గేరుపెట్టెనే ఉంచి, క్లచ్చి నొక్కే పనిని, గేరు మార్చే పనిని కంప్యూటరు ఆజ్ఞలతో పనిచేసే యంత్రానికి అప్పగించారు. ద్రవంలో శక్తి వృథా కాదు, కాబట్టి మైలేజి పెద్దగా తగ్గదు. ధర కూడా అందుబాటులో ఉంది. అదే సంవత్సరం మే నెలలో ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ ఉత్పత్తి ఆగిపోయింది. ఈ రెండు సంఘటనలలో ఒకటి మరొకదానికి కారణం కాదు. కాని వెనుక సీటు యజమాని కాలం ముగిసి, ముందు సీటు యజమాని కాలం స్థిరపడిందనడానికి 2014ను గుర్తుగా తీసుకోవచ్చు.

12.8 ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

ఎడమ కాలు పనిచేయని వ్యక్తికి మూడు పెడళ్ల కారు మూసిన తలుపు. రెండు పెడళ్ల కారు ఆ తలుపు తెరిచింది. చట్టంలో లైసెన్సు తరగతిగా ఉన్న 'అశక్తుల బండి' అనే అర్థంలోని మాటను 2019 సవరణ తొలగించి, 'అవసరానికి తగినట్లు మార్చిన వాహనం' అనే అర్థంలోని మాటను చేర్చింది. లోపం మనిషిలో ఉందన్న భావన నుంచి, బండినే మనిషికి తగినట్లు మార్చాలన్న భావనకు ఇది మార్పు.

మరోవైపు, క్లీనరుగా చేరి పదేళ్లలో డ్రైవరైన మనిషి విద్యకు కారు రంగంలో విలువ తగ్గుతోంది. ఎవరైనా కొద్ది రోజుల్లో నేర్చుకోగల పనికి గౌరవం, బేరమాడే బలం తగ్గుతాయి. అయితే విద్య పూర్తిగా అనవసరం కాలేదు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆటోమేటిక్ కారును కూడా చిన్న గేరులోకి మార్చుకోవాలి. ఆ సంగతి తెలియనివారు బ్రేకు మీదే కాలు పెట్టి దిగుతారు. యంత్రం చెయ్యి చేసే పనిని తీసుకుంది గాని, రోడ్డును చదివే బుద్ధిని తీసుకోలేదు.

12.9 సారాంశం

ఒక యంత్రం పుట్టిన తేదీ వేరు, సమాజం దాన్ని స్వీకరించిన తేదీ వేరు. ఆటోమేటిక్ గేరు 1939లో అమెరికా మార్కెట్లోకి వచ్చినా, మన దేశంలో డ్రైవరు శ్రమ చవకగా, పెట్రోలు ఖరీదుగా ఉన్నంతకాలం దానికి చోటు దొరకలేదు. యజమానే డ్రైవరైనప్పుడు, మైలేజి చిక్కు తీరినప్పుడు అది వ్యాపించింది. ఈ మార్పు కొందరికి కొత్త స్వేచ్ఛను ఇచ్చింది, మరికొందరి నైపుణ్యం విలువను తగ్గించింది. ఈ రెండింటినీ కలిపి చూడడమే చరిత్ర విద్యార్థి పని.

12.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. భారతదేశంలో ఆటోమేటిక్ కారు ఆలస్యంగా వ్యాపించడానికి గల కారణాలను విశాఖపట్నం ఉదాహరణలతో చర్చించండి.
2. 'నైపుణ్యం చేతి నుంచి యంత్రానికి మారినప్పుడు లాభనష్టాలు అందరికీ సమానంగా ఉండవు.' వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. ఫోటింగర్ కనిపెట్టిన ఏర్పాటు సూత్రాన్ని వివరించండి.
2. గేరు లేని స్కూటరు సామాజిక ప్రాముఖ్యం ఏమిటి?

III. క్షేత్ర కృత్యం
మీ ప్రాంతంలో పదవీ విరమణ చేసిన ఒక లారీ లేదా బస్సు డ్రైవరు గారిని కలిసి, ఆయన గేరు మార్చడం ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నారో అడిగి రెండు పుటలలో రాయండి. ఇటువంటి జ్ఞాపకాలు చాలావరకు కాగితం మీద లేవు. మీరు రాసేది మౌఖిక చరిత్రకు ఆధారం అవుతుంది.