గోడలపై నిలిచిన గానము

మరణించిన వానికి పాటలెందుకు? ఈ ప్రశ్నకు ప్రాచీన ఈజిప్టు ప్రజలు తమ సమాధుల గోడలపైననే సమాధానము వ్రాసిపెట్టిరి. మరణముతో జీవితము ముగియదని వారి నమ్మకము. సమాధిలో చిత్రించిన రొట్టె, ద్రాక్షసారాయము, ఆట, పాట మృతునికి శాశ్వతముగా అందుచుండునని వారు తలచిరి.

సఖ్ఖారాలో మెరెరూక అను మంత్రి సమాధి కలదు. అది సుమారు క్రీ.పూ. 2300 నాటిది. అందొక గోడపై అతని భార్య మంచముమీద కూర్చుండి, భర్త వినుచుండగా, హార్ప్ అను తంతివాద్యమును మీటుచున్నది. ఆ సమీపముననే యున్న కాగెమ్ని సమాధిలో నర్తకులు నడుము వెనుకకు వంచి, ఒక కాలు పైకెత్తి నాట్యమాడుచున్నారు.

థీబ్స్ నగరములో నెబామున్ సమాధి సుమారు క్రీ.పూ. 1350 నాటిది. ఇతడు ధాన్యపు లెక్కలు వ్రాయు ఉద్యోగి. ఇతని విందుచిత్రము నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నున్నది. నేలపై కూర్చున్న స్త్రీలలో ఒకతె జంటగొట్టముల వాద్యము నూదుచున్నది. తక్కినవారు చప్పట్లు చరచుచున్నారు. ప్రక్కనే ఇద్దరు బాలికలు నాట్యమాడుచున్నారు. ఈజిప్టు చిత్రకారులు ముఖమును ప్రక్కనుండి కనబడునట్లు గీయుట ఆచారము. ఇచ్చట మాత్రము ఇద్దరు స్త్రీల ముఖములు సూటిగా మనవైపు చూచుచున్నవి. వారి తలలపై పాటలోని మాటలు కూడ వ్రాయబడినవి.

మాటలు దొరకినవి, మరి స్వరమో? ఫారోల కాలపు స్వరలిపి యేదియు ఇంతవరకు దొరకలేదు. ప్రాచీన సమాధులలో వాద్యకారుని ఎదుట ఒక గాయకుడు ఒక చేయి చెవివద్ద నుంచి, రెండవచేతితో సంజ్ఞలు చేయుచు కనబడును. ఈ సంజ్ఞలు స్వరములను సూచించునని జర్మన్ పండితుడు హాన్స్ హిక్మన్ వాదించెను. ఈ వాదమును పండితులందరును అంగీకరింపలేదు.

చిత్రములోని వాద్యమును కొలిచి స్వరమును గణింపవచ్చునా? తంతి మ్రోగు స్వరము దాని పొడవు, బరువు, బిగువులపై ఆధారపడును. పొడవును బొమ్మ కొంతవరకు చూపగలదు. బిగువును చూపజాలదు. అందుచేత శాస్త్రజ్ఞులకు అసలు వాద్యములే ముఖ్యము. హర్మోసి అను గాయకునితో పాతిపెట్టిన మూడు తంతుల వాద్యము థీబ్స్‌లో 1930-40 దశాబ్దమున త్రవ్వకములలో బయల్పడినది. అయినను అతడు తంతులను ఎంత బిగించెనో అదియు చెప్పజాలదు. ఊదు గొట్టములకును ఇట్టి చిక్కే కలదు. రంధ్రముల దూరములను కొలువవచ్చును గాని, నోటియందుంచు పుల్ల నశించినచో అసలు శ్రుతి నిశ్చయముగా తెలియదు.

1922లో కనుగొన్న టూటన్‌ఖామన్ సమాధిలో రెండు బూరలు లభించెను. 1939లో వానిని ఊదించి రేడియోలో ప్రసారము చేసిరి. మూడువేల యేండ్లకు పైబడి మూగపోయిన లోహము మరల పలికెను. కాని ఆ బూరపై నాడు వాయించిన రాగము మాత్రము నేటివారు ఊహించినదే.

నెబామున్ సమాధిలో బాలికల నాట్యము ఒక్క భంగిమయొద్దనే ఆగియున్నది. దానికి ముందటి అడుగు, తరువాతి అడుగు గోడపై లేవు. ఏ వాద్యములు, ఏ వాయిద్యకారులు, ఏ మాటలు అన్న సంగతులను ఆ గోడ చెప్పగలదు. ఎంత తెలియునో అంతవరకే చెప్పి, తెలియని చోట ఆగుట చరిత్రకారునికిని శాస్త్రజ్ఞునికిని సమానమైన ధర్మము.