పెట్టె మారినా లోపలిది మారకుండా: బ్లూరే డిస్కుల నకలు కథ

ఇంతకుముందు ఇక్కడ మన ఇంటిపేర్లు, వంశవృక్షం, కావేరి ఒడ్డుకు మనవాళ్ళు వచ్చిన తీరు గురించి రాసినాం. ఈసారి బీరువా అడుగున పడి ఉన్న డిస్కుల గురించి రాస్తున్నాం. ఇదీ చరిత్రేనా అని కొందరు అడగొచ్చు. మా లెక్కలో ఇదీ చరిత్రే.

తమిళనాడులో, కర్ణాటకలో, బరంపురంలో, షోలాపూరులో తరాలుగా ఉంటున్న మనలో చాలామందికి ఇంట్లో తెలుగు మాటగానే మిగిలింది. బడిలో చదివింది వేరే భాష. అవ్వ తెలుగులో మాట్లాడుతుంది, కానీ తెలుగులో ఉత్తరం రాయదు. "ఉండాది", "వస్తా ఉండాడు" అని మనం అనే తీరు, పెళ్ళిలో పాడే పాటల వరస, దేవుడి ముందు చెప్పే మొక్కుబడి మాటలు ఏ పుస్తకంలోనూ మన ఇంటి రూపంలో దొరకవు. అవి దొరికేది పెళ్ళి వీడియోల్లో, సీమంతం వీడియోల్లో, గుడి ఉత్సవాల రికార్డింగుల్లో. కాబట్టి ఆ వీడియోకు నకలు ఎట్లా తీస్తున్నామన్నది మన భాష ఎంత మిగులుతుందన్న ప్రశ్న కూడా.

నకలు రెండు రకాలు. మొదటిది ఉన్నదాన్ని విప్పి, మళ్ళీ కుదించి రాసేది. రెండోది ఉన్నదాన్ని ఉన్నట్టే ఇంకో పెట్టెలోకి దించేది. కొన్ని దశాబ్దాల పాటు మన ఇళ్ళకు దొరికింది మొదటి రకమే. బ్లూరే కాలానికి వచ్చేసరికి రెండోది చేతికి అందింది.

టేపు నుంచి డిస్కు దాకా

1976లో జపానులో జేవీసీ సంస్థ వీహెచ్ఎస్ టేపును తెచ్చింది. మన పెళ్ళిళ్ళకు వీడియో వచ్చింది ఈ టేపుతోనే. బంధువులు అడిగితే రెండు వీసీఆర్లు కలిపి నకలు తీసేవాళ్ళు. టేపు మీద ఉండేది అలల రూపంలోని సంకేతం. ఒక టేపు నుంచి ఇంకో టేపుకు పోయేటప్పుడు దానికి గరగర కలిసేది, రంగు పక్కకు కారేది. నకలుకు నకలు తీస్తే ముఖాలు మసకబారేవి. మూలం టేపు ఎవరింట్లో ఉందో వాళ్ళకే మంచి బొమ్మ, దూరపు చుట్టాలకు మసక బొమ్మ.

1993లో వీసీడీ వచ్చింది. ఒక డిస్కులో 74 నిమిషాలు పట్టేది, బొమ్మ మాత్రం 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు. 1996 నవంబరులో జపానులో డీవీడీ అమ్మకానికి వచ్చింది. బొమ్మ 720, 576కు పెరిగింది. ఒక పొర డిస్కులో 4.7 జీబీ, రెండు పొరల డిస్కులో 8.5 జీబీ. అప్పుడు ఊరూరా స్టూడియోలు పాత టేపులను డీవీడీలుగా మార్చి ఇచ్చినాయి. మా ఇంటి పెళ్ళి టేపు ఒకటి నాలుగు గంటలది, దాన్ని ఒక స్టూడియో ఒకే 4.7 జీబీ డిస్కులో ఇరికించింది. లెక్క వేస్తే సెకనుకు రెండున్నర మెగాబిట్లు. డీవీడీ పద్ధతి వీడియోకు సెకనుకు 9.8 మెగాబిట్ల దాకా అనుమతిస్తుంది. తాళి కట్టే ఘడియలో అందరూ అక్షతలు వేస్తారు కదా, సరిగ్గా అక్కడ బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోతుంది. కదలిక ఎక్కువైన చోట బిట్లు చాలవు.

కుదించడమంటే ఏం జరుగుతుంది

డిజిటల్ వీడియోలో ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచరు. ఒక బొమ్మను పూర్తిగా రాసి, దాని తర్వాతి బొమ్మల్లో ఏది మారిందో అంతవరకే రాస్తారు. కంటికి తెలియదనుకున్న సన్నని వివరాన్ని వదిలేస్తారు. ఈ పని చేసేదాన్ని ఎన్‌కోడర్ అంటారు. ఒకసారి కుదించిన వీడియోను విప్పి మళ్ళీ కుదిస్తే, రెండో ఎన్‌కోడర్ మొదటిదాని మచ్చలను కూడా అసలు బొమ్మే అనుకుంటుంది. వాటిని కాపాడటానికి కొన్ని బిట్లు ఖర్చుపెట్టి, మిగిలిన అసలు వివరంలో ఇంకొంత పారేస్తుంది. దీన్నే రీ-ఎన్‌కోడింగ్ అంటున్నాం. వాట్సాప్‌లో వచ్చిన పెళ్ళి వీడియోను పెద్ద టీవీలో పెట్టి చూస్తే ఈ సంగతి ఎవరికైనా అర్థమైపోతుంది.

ఇందులో అసలు చిక్కు, ఏది అనవసరమో ఇంకొకరు తీర్మానించడం. మన తంజావూరు తెలుగు సాహిత్యంలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని 1887లో వెంకటనరసు అచ్చు వేయించినప్పుడు కొన్ని పద్యాలు, కవయిత్రి తన వంశం చెప్పుకున్న భాగం వదిలేసినారు. బెంగళూరు నాగరత్నమ్మ మూలప్రతి సంపాదించి, పోల్చి చూసి, 1910లో పూర్తి రూపంలో వేయించింది. ఆమెకు మూలం దొరికింది కాబట్టి పోయింది తిరిగి వచ్చింది. తాటాకు మీద కానీ డిస్కు మీద కానీ, మూలాన్ని పారేసి కుదించిన ప్రతినే ఉంచుకుంటే తిరిగి తెచ్చుకునే దారి లేదు.

బ్లూరే రాక

2002 ఫిబ్రవరిలో తొమ్మిది ఎలక్ట్రానిక్స్ సంస్థలు కలిసి బ్లూరే పద్ధతిని ప్రకటించినాయి. నీలి లేజరు వాడటంవల్ల ఒక పొరలో 25 జీబీ, రెండు పొరల్లో 50 జీబీ పట్టింది. 2006 జూన్‌లో అమెరికాలో సినిమా డిస్కులు అంగళ్ళకు వచ్చినాయి. తోషిబా వాళ్ళ హెచ్‌డీ డీవీడీతో పోటీ 2008 ఫిబ్రవరిలో తోషిబా తప్పుకోవడంతో ముగిసింది. బొమ్మ 1920, 1080 చుక్కలు, వీడియోకు సెకనుకు 40 మెగాబిట్ల దాకా చోటు.

ఆ 2006లోనే సోనీ, పానాసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీ అనే కెమెరా పద్ధతిని తెచ్చినాయి. ఇది బ్లూరే వాడే హెచ్.264 కుదింపునే వాడుతుంది. అందుకే కెమెరాలో పడిన బొమ్మను మళ్ళీ కుదించకుండా డిస్కులోకి దించడం వీలైంది. ఇట్లా దించిన డిస్కు మీ ఇంట్లో ఉంటే, అది కెమెరా చూసిన మూలమే. స్టూడియోవాళ్ళు ఎడిట్ చేసి ఇచ్చిన డిస్కైనా, చాలా ఇళ్ళకు దక్కిన ప్రతుల్లో మూలానికి దగ్గరగా ఉండేది అదే.

డిస్కు లోపల ఏముంది

బ్లూరే డిస్కును కంప్యూటరులో తెరిస్తే బీడీఎంవీ అనే ఫోల్డరు కనిపిస్తుంది. దాని లోపల స్ట్రీమ్ అనే ఫోల్డరులో ఎం2టీఎస్ ఫైళ్ళు ఉంటాయి. బొమ్మ, ధ్వని ఉండేది వాటిలోనే. ప్లేలిస్ట్ అనే ఫోల్డరులోని చిన్న ఫైళ్ళు ఏ ముక్క తర్వాత ఏ ముక్క ఆడాలో చెబుతాయి. ఎం2టీఎస్‌లో సమాచారం 192 బైట్ల పొట్లాలుగా కట్టి ఉంటుంది. ప్రతి పొట్లంలో 4 బైట్లు సమయం గుర్తు, 188 బైట్లు సరుకు.

2002 డిసెంబరులో మత్రోస్కా అనే కొత్త పెట్టె పద్ధతి ప్రకటించినారు. రష్యాలో ఒకదానిలో ఒకటి ఇమిడే కొయ్యబొమ్మల పేరు అది. ఎంకేవీ ఫైలు అంటే ఇదే. ఎన్ని ధ్వనులైనా, ఎన్ని సబ్‌టైటిళ్ళైనా ఇందులో పెట్టొచ్చు. ఎం2టీఎస్ పొట్లాలు విప్పి, లోపలి బొమ్మనూ ధ్వనినీ ముట్టుకోకుండా ఎంకేవీలో పేర్చడాన్ని రీమక్స్ అంటారు. ఎంకేవీటూల్‌నిక్స్, 2000లో మొదలైన ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఈ పని చేస్తాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో దీనికి పెట్టిన ఆజ్ఞ పేరే "కాపీ".

పాత ఇల్లు ఖాళీ చేసి కొత్త ఇంటికి పోతే సామాను లారీ మారుతుంది, గిన్నెలు కరిగించి మళ్ళీ పోత పోయము. రీమక్స్ కూడా అంతే. గంట రికార్డింగు సెకనుకు 25 మెగాబిట్లదైతే సుమారు 11 జీబీ. రీమక్స్ చేసినాక కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. మూడు జీబీకి తగ్గిందంటే ఎక్కడో కుదింపు జరిగిందని అర్థం.

ఈ తేడా ఎక్కడ బయటపడుతుందో మేలట్టూరు భాగవతమేళాన్ని తలచుకుంటే తెలుస్తుంది. తంజావూరు దగ్గరి ఆ ఊళ్ళో నాయకరాజుల కాలంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలవాళ్ళు వెంకటరామశాస్త్రి తెలుగు నాటకాలను నరసింహ జయంతి వేళ ఇప్పటికీ ఆడుతున్నారు. ఇట్లాంటి ఆటను మన దేశంలో అమ్మిన హెచ్‌డీ కెమెరాలతో తీస్తే చాలావరకు సెకనుకు 50 అరబొమ్మలుగా పడుతుంది. మామూలుగా రీ-ఎన్‌కోడ్ చేసే ప్రోగ్రాములు రెండు అరబొమ్మలను కలిపి 25 బొమ్మలు చేస్తాయి. అడుగు పడే క్షణం, చేయి తిరిగే మలుపు సగానికి తగ్గిపోతాయి. ధ్వనిని బాగా తక్కువ బిట్లకు కుదిస్తే ముందుగా పోయేవి పై స్థాయి శబ్దాలు. తాళాల మోత అక్కడే ఉంటుంది, స, శ, ష ల తేడా కూడా చాలావరకు అక్కడే ఉంటుంది. రేపు ఎవరైనా మన యాసను వినిపించుకుని రాసుకోవాలంటే ఆ తేడాయే కావాలి.

తాళం సంగతి

అంగట్లో కొన్న సినిమా డిస్కులకు తాళం ఉంటుంది. డీవీడీకి సీఎస్ఎస్, బ్లూరేకు ఏఏసీఎస్. 1999లో నార్వేలో యోన్ లెక్ యోహాన్సెన్ అనే కుర్రవాడికి, డీవీడీ తాళం తీసే డీసీఎస్ఎస్ ప్రోగ్రాము బయటికి వచ్చిన వ్యవహారంలో, కేసు ఎదురైంది. తాను కొన్న డిస్కును తన కంప్యూటరులో చూసుకోవడం నేరం కాదని కోర్టు 2003 జనవరిలో విడుదల చేసింది. అప్పీలులో కూడా అదే ఏడు డిసెంబరులో గెలిచినాడు. 2007లో ఏఏసీఎస్ తాళపుచెవి సంఖ్య ఒకటి బయటపడింది. దాన్ని తీసేయించబోతే జనం ఇంకా ఎక్కువచోట్ల రాసి పెట్టినారు.

మన దేశంలో 2012 సవరణతో కాపీరైటు చట్టంలో 65ఏ సెక్షను వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా ఉంటాయని అది చెబుతుంది. సొంత వాడకానికి న్యాయమైన వినియోగాన్ని 52వ సెక్షను వేరేగా అనుమతిస్తుంది. సినిమా డిస్కు నకలు తీసి పంచడం, అమ్మడం మాత్రం తప్పే, అందులో వాదన లేదు. మనం ఇక్కడ చెప్పేది ఇంటి డిస్కుల గురించి. కెమెరా నుంచి రాసుకున్న డిస్కులకు మామూలుగా తాళమే ఉండదు, కాబట్టి ఈ చిక్కు రాదు.

ఇప్పుడే ఎందుకు

డిస్కు బాగున్నా చదివే యంత్రం ఉండాలి. కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కు పెట్టే చోటు దాదాపుగా పోయింది. 2019లో శాంసంగ్ అమెరికాకు కొత్త బ్లూరే ప్లేయర్లు తేవడం మానేసింది. 2025 ఫిబ్రవరిలో సోనీ రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. వీహెచ్ఎస్ టేపుకు వీసీఆర్ వెతుక్కున్నట్టు, బ్లూరే డ్రైవు వెతుక్కునే రోజు వస్తుంది.

మా ఇంట్లో ఈ పని సాగుతున్న వరస ఇది. యూఎస్‌బీకి తగిలించే బ్లూరే డ్రైవు ఒకటి కొన్నాం. ముందు బీడీఎంవీ ఫోల్డరు మొత్తం హార్డుడిస్కుకు దించుతాం. డ్రైవు ఒకింతల వేగంతో చదివితే 25 జీబీకి గంటన్నర, వేగం పెరిగితే ఇంకా తక్కువ. ఆ ఫోల్డరు దాచితే మెనూలు కూడా ఉంటాయి, ఎంకేవీలో మెనూలు రావు. తర్వాత ఎంకేవీ చేస్తాం. అన్నిటికంటే పెద్ద ఎం2టీఎస్ ఒక్కటే తీసుకుంటే సరిపోదు. కెమెరా కార్డుల ఫ్యాట్32 పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటదు కాబట్టి, పొడుగు రికార్డింగు ముక్కలుగా ఉండవచ్చు. ప్లేలిస్టు ఫైలును తెరిస్తే ప్రోగ్రామే ముక్కలను వరసలో కలుపుతుంది. చివరికి ప్రతి ఫైలుకు ఎస్‌హెచ్ఏ-256 గుర్తుసంఖ్య తీసి రాసి పెడతాం. ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్య మారిపోతుంది. పాతకాలపు లేఖకులు రాసిన ప్రతిని మూలంతో అక్షరం అక్షరం పోల్చినట్టే ఇది, కాకపోతే కొన్ని నిమిషాల పని.

రెండు హార్డుడిస్కులు, రెండు ఊళ్ళల్లో. ఒకటి మా దగ్గర, ఒకటి చెన్నైలో చిన్నాయన ఇంట్లో. ఫోనులో చూసుకోవడానికి చిన్న ఫైలు కావాలంటే రీ-ఎన్‌కోడ్ చేసుకోవచ్చు, అది పంచుకునే ప్రతి. దాచే ప్రతి మాత్రం ముట్టుకోనిదే కావాలి.

ఇంకొక్క పని మీ ఇంట్లో కూడా చేయండి. ప్రతి ఫైలు పక్కన ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు, ఎవరికి ఏమవుతారు అని రాసి పెట్టండి. తెలుగులో రాయండి, పక్కనే మీ పిల్లలు చదివే లిపిలో కూడా రాయండి. ఆ పేర్లు చెప్పగల పెద్దవాళ్ళు ఉన్నప్పుడే ఈ పని పూర్తి కావాలి. ఏ ప్రోగ్రామూ ఆ వివరం డిస్కులోంచి తీసి ఇవ్వదు.