క్రియాటినిన్: మాంసం లోంచి వచ్చిన మాట

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బున్న ఇంట్లో రిపోర్టు రాగానే "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అంటారు. వాడుకలో ఒక 'ని' జారిపోయింది. నిజానికి క్రియాటిన్ వేరే పదార్థం, క్రియాటినిన్‌కి తల్లి లాంటిది. తెలుగు చెవికి ఇందులో 'క్రియ' ఉన్నట్టు తోస్తుంది కానీ, లేదు. గ్రీకులో 'క్రేయాస్' అంటే మాంసం. 1832లో ఫ్రాన్సులో షెవ్రోల్ మాంసపు రసంలో క్రియాటిన్‌ని కనిపెట్టాడు. 1847లో జర్మనీ రసాయనవేత్త లీబిగ్ దాన్నుంచి వచ్చే పదార్థానికి క్రియాటినిన్ అని పేరు పెట్టాడు. ఆ గ్రీకు మాటకు సంస్కృతం 'క్రవ్యం' దూరపు చుట్టమే. పచ్చిమాంసం తినే రాక్షసుణ్ణి క్రవ్యాదుడు అన్నది ఆ మాటతోనే!

కండరాల్లో పుట్టి కిడ్నీల గుండా బయటికి పోయే వ్యర్థం క్రియాటినిన్. కిడ్నీ మందగిస్తే రక్తంలో పేరుకుంటుంది. అయితే కండ కరిగిపోయిన డెబ్బయ్యేళ్ల ముసలమ్మకి 1.2 రావడం, పాతికేళ్ల కుర్రాడికి 1.2 రావడం ఒకటి కాదు. కుర్రాడికి అది మామూలే కావచ్చు, ముసలమ్మకి కిడ్నీ సగం పని తగ్గిందని అర్థం కావచ్చు. అందుకే వయసు, ఆడా మగా చూసి లెక్కకట్టిన ఈజీఎఫ్ఆర్‌ని, అంటే కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం అంచనాని, రిపోర్టులో పక్కనే వేస్తారు. అది మూడు నెలలకు పైగా 60 లోపే ఉంటే దీర్ఘకాలిక జబ్బు కిందే లెక్క. పలకరించడానికి వచ్చినవాళ్లు మాత్రం ఇంకా మొదటి అంకెనే అడుగుతున్నారు.