దక్షిణాపథమున సిల్లా బాటసారి

హైదరాబాదునుండి మచిలీపట్టణమునకు సాగు రాజమార్గమున పోవుచు, సూర్యాపేటలో టీ త్రాగుటకై కొంచెమాగి, కోదాడ దాటి కృష్ణాతీరమునకు దిగిపోవు ప్రయాణికులలో, ఆ బాటకు ఎడముగా నిలిచిన గుట్టలవైపు దృష్టి సారించువారు మిక్కిలి అరుదు. సూర్యాపేటకు వాయవ్యమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఫణిగిరి, కోదాడకు ఈశాన్యమున నేలకొండపల్లి స్తూపము, మిర్యాలగూడకు నైరృతిని సాగరజలముల నడుమ దీవియై మిగిలిన నాగార్జునకొండ: ఈ మూడింటి నడుమ గల నేల, నేడు వరిచేలతోను బియ్యపుమిల్లులతోను పేరుగాంచినదైనను, ఒకప్పుడు దూరదేశముల భిక్షువులు కాలినడకను వచ్చి, వర్షావాసము గడపి, మరల తమ త్రోవను తాము పోయిన నేల.

ఫణిగిరి పేరునకు తగినట్లే పడగ విప్పిన సర్పమువలె కానవచ్చు కొండ. నిజాము ప్రభుత్వపు పురావస్తుశాఖవారు గడచిన శతాబ్దము నలువదులలో దీనిని మొదట గుర్తింపగా, ఈ శతాబ్దారంభమున జరిగిన త్రవ్వకములలో మహాస్తూపము, చైత్యగృహములు, విహారములు, బుద్ధచరిత్ర చెక్కిన తోరణఖండములు వెలుగుచూచినవి. ఇక్ష్వాకురాజైన రుద్రపురుషదత్తుని 18వ పాలనాసంవత్సరమున రాజవైద్యులలో ప్రధానుడైన యొకడు ఇచ్చట ధర్మచక్రమును నిలిపినట్లు ఒక శాసనము చెప్పుచున్నది. 2024లో ఒక మట్టికుండనిండ 3,730 సీసపు నాణెములు దొరకినవి. రోగులకు మందిచ్చు చేతులే ధర్మచక్రమును ప్రతిష్ఠించుట, జపధ్యానముల కొండపై సంతబేరమునకు పనికివచ్చు చిల్లరనాణెముల కుండ యుండుట, ఈ రెంటిని కలిపి తలచినచో ఆ విహారము లోకమునకు వెన్నిచ్చి కూర్చున్నది కాదని, క్రిందనున్న ఊళ్ళ సుఖదుఃఖములతో కలిసి బ్రదికినదని తోచుచున్నది. తిరుమలగిరి, గాజులబండ, వర్ధమానుకోట మొదలగు చోట్లను బౌద్ధావశేషములు బయల్పడినవి గనుక, ఫణిగిరి ఏకాకి యనుటకు వీలులేదు.

ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురి నాగార్జునకొండ లోయలో వెలసినది. అచ్చటి శాసనములలో బోధిశ్రీయను ఉపాసిక వ్రాయించినది మిక్కిలి ప్రసిద్ధము. సింహళాచార్యులు ధర్మబోధ చేసిన దేశములను పేర్కొనుచు ఆమె కాశ్మీర గాంధారములతోపాటు చీనమును, వంగమును, వనవాసిని, యవనదేశమును, ద్రవిడమును ఎన్నినది. మూడవ శతాబ్దమునాడు కృష్ణయొడ్డున నివసించిన యొక గృహిణి మనస్సులో ప్రపంచపటము ఎంత విశాలముగా పరచుకొని యుండెనో యోచించినపుడు గర్వముతోపాటు కొంత లజ్జయు కలుగును. ఏలయన, ఆ కొండల ప్రక్కనే పుట్టి పెరిగిన మనలో పెక్కుమందికి ఆమె పేరైనను తెలియదు.

ఆ రాజ్యము అంతరించిన కొన్ని శతాబ్దములకు, నేటి కొరియాలోని సిల్లా దేశమున పుట్టిన హ్యేచో యను యువభిక్షువు, చీనాదేశమున వజ్రబోధికి శిష్యుడై, సముద్రమార్గమున భరతఖండమునకు వచ్చెను. ఇరువదేండ్ల ప్రాయమున, సుమారు 723 మొదలు 727 వరకు, పుణ్యక్షేత్రములను దర్శించుచు, అతడు ఐదు భారతములుగా నాడు వాడుకలోనున్న ఈ దేశభాగములను చుట్టెను. బాటలలో దొంగలు మెండుగా నున్నను, సొమ్ము పుచ్చుకొని మనుష్యుని విడిచిపెట్టుదురని, ఇయ్యక పెనగులాడినవానికే గాయములు తప్పవని అతడు వ్రాసిన మాటలో, ఒంటరి ప్రయాణికుని అనుభవము దాగియున్నది.

మధ్యదేశమునుండి దక్షిణరాజు నగరికి మూడుమాసముల నడక యని హ్యేచో లెక్కించెను. ఆ రాజునకు 800 ఏనుగులు గలవనియు, నేల వేడిగానుండుననియు, నూలువస్త్రములు, దున్నలు, ఎద్దులు విస్తారముగాను గొఱ్ఱెలు స్వల్పముగాను ఉండుననియు, ఒంటెలు గాడిదలు కానరావనియు, వరిపొలములు గలవనియు అతడు చెప్పెను. మిర్యాలగూడ ఆయకట్టున నాట్లవేళ నిలిచి చూచువానికి ఆ వరిపొలముల మాట చదువగనే మనస్సు చల్లబడును. పిమ్మట అతడు కొండలలోని యొక మహావిహారమును వర్ణించెను: నాగార్జున బోధిసత్త్వుడు యక్షునిచే కట్టించినదట; స్తంభములు కొండనే తొలిచి చేసినవట; మూడంతస్తులట; నాగార్జునుని కాలమున 3,000 మంది భిక్షువులుండిరట; తాను చూచునప్పటికి అది పాడువడి, భిక్షువొక్కడైనను లేకుండెనట. ఆ కొండపేరు హ్యేచో చెప్పలేదు. పండితులు దానిని పలుచోట్ల వెదకిరి. అయినను నాగార్జునుని పేరును, నిర్జనమైన విహారమును కలిపి వినినప్పుడు మన ప్రాంతపువారి హృదయము శ్రీపర్వతమను పూర్వనామముగల నాగార్జునకొండవైపునకే పరుగిడుట సహజము.

దక్షిణదేశమున నున్నప్పుడే, వెన్నెలరాత్రి ఇంటిదిక్కు చూచుచు హ్యేచో ఒక పద్యము వ్రాసెను. జాబు పంపుటకు దారిలేని దూరమున నిలిచిన పరదేశి బెంగ, దాదాపు పదమూడు శతాబ్దములు గడచినను చల్లారక, అందు నిలిచియున్నది. 727 చివర అతడు మధ్య ఆసియా మార్గమున చీనాసైన్యపు కోటకు చేరెను. పిదప వజ్రబోధి, అమోఘవజ్రుల సన్నిధిని శాస్త్రానువాదములో పాల్గొని, వూతాయ్ పర్వతమున శేషజీవితము గడపెను. స్వదేశమునకు అతడు మరల పోలేదు.

తన యాత్రను గూర్చి అతడు వ్రాసిన గ్రంథమును లోకము మరచెను. 1908లో ఫ్రెంచి పండితుడు పాల్ పెలియో దున్‌హువాంగ్ గుహలోని వ్రాతప్రతుల నడుమ దాని ముక్కను గుర్తించెను. మొదలును తుదయు లేని ఆ చుట్ట పారిసు గ్రంథాలయమునకు చేరెను. కర్త సిల్లావాడని 1915లో జపాను పండితుడు తకకుసు జుంజిరో నిరూపించెను. 2010 డిసెంబరులో సియోలునందలి కొరియా జాతీయ మ్యూజియమున జరిగిన ప్రదర్శనకు అది పారిసునుండి ఎరవుగా వచ్చినప్పుడు, తాను చేరలేని ఇంటిని తన వ్రాత చేరినది. అదియును అతిథిగా, కొలదినెలలకు మాత్రమే.

పదమూడేండ్లకు ఆ మ్యూజియమునకే మన గుట్టలు బయలుదేరినవి. 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున ప్రాచీన భారత బౌద్ధశిల్పప్రదర్శన జరిగిన పిమ్మట, అది సియోలుకు తరలి, 2023 డిసెంబరునుండి 2024 ఏప్రిలు వరకు నిలిచెను; ఫణిగిరి శిలలును అందు పాలుగొన్నవి. హ్యేచో ఒకనాడు మన దక్షిణాపథమునకు వచ్చి చూచిపోయిన ధర్మము, అతడెన్నడును తిరిగి చేరని దేశమునకు, రాతిరూపమున ప్రతిదర్శనము చేసివచ్చినట్లు నాకు తోచినది.

ఆ ప్రతిదర్శనమునకు తగినట్లు ఇచ్చట మనమేమి చేసితిమి? ఊరివెలుపలి దిబ్బలను త్రవ్వి మట్టి మోసుకొనుట, చెక్కిన రాతిని పశువుల కొట్టమునకు మెట్టుగా వేయుట మన పల్లెల్లో నేరముగా ఎన్నడును తోచలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడులలోని పిల్లలను ఏటికొక్కమారు ఉపాధ్యాయులు ఫణిగిరికి నడిపించుకొనిపోయి, తోరణముపై చెక్కిన కథను చదివించి, ఆ కొండక్రిందనున్న వరిచేలను చూపి, ఈ త్రోవను ఎంతెంత దూరమువారు వచ్చిరో చెప్పినచో, బోధిశ్రీ పేరును హ్యేచో పేరును ఈ నేలపై మరల వినిపించును. మనయింటికి వచ్చి బెంగపడి పోయిన యా బాటసారికి మనము తీర్పవలసిన ఋణము, అతడు చూచిన దానిని పాడుకానీయకుండుటయే.